ఇంకో గ్లాసు బియ్యం

"అమ్మాజీ, ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యి. పాపం, డానియేలు ఒక్కడే ఉన్నాడు."

ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం మా ఆయన గుమ్మంలో అడుగుపెడుతూ అనే మాట ఇదే. అనేసి, వాకిట్లో కుర్చీ వేసుకుని, "ఆహా, ఏం గాలి!" అంటారు. ఆ గాలికి ఎగిరొచ్చిన దుమ్మంతా మధ్యాహ్నమే నేను తుడిచేస్తాను కాబట్టి ఆయనకి గాలి ఒక్కటే మిగులుతుంది.

సైదాబాద్‌లో పదమూడేళ్ళు అద్దెకున్నాం. తొంభై ఎనిమిదిలో సాగర్ రోడ్డు మీద, బస్సు దిగి మైలు నడిస్తే వచ్చే ఈ పల్లె పక్కన వెంచర్ వేస్తే స్థలం కొన్నారు. అమ్మాయిని హాస్టల్లో చేర్పించి, ఇల్లు కట్టి, "ఇక జీవితమంతా ప్రశాంతత" అన్నారు మా ఆయన శ్రీహరిరావుగారు. పొద్దున్నే ఆ ప్రశాంతతని నాకొదిలేసి, టిఫిన్ బాక్సు పట్టుకుని నయాపూల్ దగ్గర ఆఫీసుకి వెళ్ళిపోతారు. నేను బిందెతో బోరు దగ్గర నిలబడతాను. కరెంటొస్తేనే నీళ్ళు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కనక రోజంతా ఓ చెవి అటే ఉంటుంది. సైదాబాద్‌లో మా ఇంటి ఓనరు లలితమ్మగారి వరండాలో నేను కుట్టు నేర్పేదాన్ని. చుట్టూ ఆడపిల్లలు, జాకెట్ల కొలతలు, ఒకటే కబుర్లు. టేపు మెడలో వేసుకుంటే అమ్మాజీ టీచర్ని. ఇక్కడికొచ్చాక కుట్టుమిషను మీద టీవీ పెట్టారు. "చూశావా, కొలిచినట్టు సరిపోయింది!" అని మురిసిపోయారు కూడా.

పక్కిల్లు డానియేలుది. లైన్‌మన్. ఇక్కడి సబ్‌స్టేషన్‌కి బదిలీ అయి, మా పక్క స్థలం కొని రెండు గదులు వేసుకున్నాడు. భార్య స్వరూప మాత్రం రాలేదు. ప్రసూతి ఆస్పత్రిలో ఆయా పని, కిషన్‌బాగ్‌లోనే ఉండిపోయింది. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వస్తుంది, ఆఖరి బస్సుకి పోతుంది, సొంతింటికి చుట్టపుచూపుగా.

"మొగుణ్ణి గాలికొదిలేసిన మనిషి," అంటారు మా ఆయన. "ఆడదానికి అంత మొండితనం పనికిరాదు. నువ్వు చూడు, రమ్మంటే వచ్చేశావు. ఒక్క మాటన్నావా?"

అది మెచ్చుకోలు. ఉన్నమాట చెబుతున్నాను, స్వరూపంటే నాకు అసూయ. చెప్పలేనంత కుళ్ళు. సంచీ ఊపుకుంటూ వచ్చే ఆ నడక చూస్తే కుళ్ళు, బోరు నీళ్ళకి గడ్డిలా మారని ఆ జుట్టు చూస్తే కుళ్ళు. ఆవిడ మొగుడికి వారమంతా నేను వండిపెడితే, ఆదివారం పూలు పెట్టుకుని వచ్చి కూర్చుంటుందే, అది చూస్తే మరీను. ఆమెకు దిష్టి తగిలితే అది నాదే అయ్యుంటుంది.

మొన్న శనివారం మా ఆయన చెప్పులు విడుస్తూ, "లలితమ్మగారు కనబడ్డారు. వరండా ఇంకా ఖాళీగానే ఉందిట. ఒకటో తారీఖునుంచి ఎవరికో ఇచ్చేస్తారట, నువ్వేమైనా వస్తావేమోనని అడిగారు," అన్నారు.

నా చేతిలో చేట ఆగిపోయింది. "మీరేమన్నారు?"

"అవన్నీ మానేసింది, హాయిగా ఉంది అని చెప్పేశాను. అన్నట్టు, ఇంకో గ్లాసు ఎక్కువ పోశావా?"

ఇంకో గ్లాసు పోసి, బియ్యం కడిగాను. ఒకటో తారీఖు మంగళవారం.

మర్నాడు నేను వండిన కోడికూర మా ఆయన గిన్నెలో పోసిచ్చి, "డానియేలు వాళ్ళకిచ్చిరా. పెట్టడం వరకే సుమా, వాళ్ళింట్లో తినడాలవీ వద్దు," అన్నారు. వెళ్ళాను. స్వరూప గడప మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటోంది. లోపల్నుంచి బగారా అన్నం వాసన. డానియేలు గరిటె పట్టుకుని వచ్చి ఆమె అరచేతిలో చుక్క పులుసు వేశాడు.

"ఉప్పు సరిపోయిందా, జూడు."

"జర తక్కువైంది," అంది స్వరూప. అతను ఉప్పు వెయ్యడానికి లోపలికెళ్ళాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేను పడ్డదాన్నే కానీ అన్నదాన్ని కాదు.

"మీకు వంటొచ్చా?" అన్నాను అతని వైపు చూస్తూ, గిన్నె ఇంకా చేతిలోనే ఉంది.

"మస్తుగొస్తది అక్కా," అన్నాడు డానియేలు లోపల్నుంచి. "వండుకున్న సార్ అంటే సారు ఇనడు. వద్దంటే మనసుల వెట్టుకుంటడని తింటున్న. మీకు తక్లీఫ్ అయితుందని ఎరుకే గని, ఏం జెయ్యాలె?"

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఏడాదిగా మా ఆయన పాపం పాపం అంటూ పంచిపెట్టింది నా రెక్కల కష్టాన్ని! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్వరూప చూసింది. పీటేసి, కంచం తెచ్చి నా ముందు పెట్టింది.

"తిను అక్కా, సల్లారిపోతది."

ఎవరో వండి, ఎవరో వడ్డించి ఎన్నాళ్ళయింది? కూర్చున్నాను. వేళ్ళు నాకేదాకా తిన్నాను. తింటున్నంతసేపూ ఆ అసూయ పోలేదు. చివరికి ఆగలేక అడిగేశాను.

"ఇక్కడికి రాకుండా ఉండటానికి ఎంత గొడవ పడ్డావో కదా స్వరూపా?"

"లొల్లేం లే అక్కా. నా నౌకరీ ఆడ్నే, నా మనుషులు ఆడ్నే, నేను రాను అన్న. గంతే. ఒక నెల మూతి ముడ్సుకున్నడు, తర్వాత గరిటె పట్టిండు."

"నీకేం, నిన్ను అడిగాడు. నన్ను ఎవరూ అడగలేదు."

స్వరూప జుట్టు ముడేసుకుంటూ నవ్వింది. "నన్ను ఎవరడిగిండ్రు అక్కా? అడగకముందే చెప్పిన."

ఇంటికొచ్చాను. మా ఆయన పేపరు మొహం మీద కప్పుకుని పడుకున్నారు. టీవీని కిందకి దించాను. మిషనుకి నూనె వేసి, చక్రం తిప్పి చూశాను. కొంచెం కిర్రుమంది, తర్వాత తిరిగింది. రేపు పొద్దున సిటీకి పోయే పాల వ్యానులో దాన్ని ఎక్కించమని గోడ మీదనుంచి డానియేలుకి చెప్పాను. "ఫికర్ చెయ్యకు అక్కా," అన్నాడు.

సాయంత్రం ఆయన లేచి, నేల మీది టీవీనీ, నా మెడలో టేపునీ మార్చి మార్చి చూశారు. అలవాటైన మాటే నోటికొచ్చింది.

"అమ్మాజీ, ఇంకో గ్లాసు..."

డబ్బాలోంచి గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"రేపటినుంచి నేను సైదాబాద్ వెళ్తున్నాను. లలితమ్మగారి వరండా నాకు కావాలి. సాయంత్రం మీ తర్వాత బస్సుకి తిరిగొస్తాను," అన్నాను. "ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యండి. నాక్కూడా."