వాక్యం దొరకకపోతే

పొద్దున తొమ్మిదింటికి, ప్రోగ్రాములు రాసుకునే నా ఎడిటర్‌లో టెర్మినల్ తెరిచాను, ఆజ్ఞలు టైపు చేసే నల్ల విండో. తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. మళ్లీ తెరిచాను. మళ్లీ అంతే. ఎందుకో చెప్పకుండా, లోపల ఆ ఆజ్ఞలు నడిపే షెల్ ముగిసింది అని ఓ మూల ఒక ముక్క చూపించి ఊరుకుంది.

పదకొండింటికి మా మేనేజర్ శ్రీలలిత గారితో కాల్. నా ఆరు నెలల ప్రొబేషన్‌కి అదే ఆఖరి పరీక్ష. ఆమె చూస్తుండగా నేను రాసిన ప్రోగ్రామ్ నడిపించాలి. పదిహేనేళ్లు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పి, నలభై ఒకటో ఏట ఈ ఉద్యోగంలోకి వచ్చినదాన్ని. ఇది పోతే ఇంకొకరెవరో పిలుస్తారన్న భ్రమ నాకు లేదు.

చిత్రమేమిటంటే, ఎడిటర్ బయట అదే నల్ల విండో శుభ్రంగా తెరుచుకుంటోంది. పైన ఒక బైబిల్ వాక్యం కూడా కనిపిస్తోంది. అది మా నాన్న నోవహు గారి పని. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యాక, ఈ లాప్‌టాప్ మీదే నాతోపాటు లినక్స్ నేర్చుకున్నారు. ఫ్రిజ్ మీద, తలుపు మీద, ఆఖరికి నా ఫోన్ కవర్ మీద కూడా వాక్యాలు అతికించే మనిషి. నిన్న చర్చి నుంచి వచ్చి చాలాసేపు దీని ముందు కూర్చున్నారు. ఇంకో అలంకారం కాబోలనుకున్నాను. దాన్ని చదవనైనా లేదు.

బయటి విండోతో సరిపెట్టుకుందామంటే, ప్రోగ్రామ్ నడిపి చూసే మా ఆఫీసు ఏర్పాట్లన్నీ ఎడిటర్‌కే ముడిపెట్టారు. ఎడిటర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. లాప్‌టాప్ ఆపి ఆన్ చేశాను. పది కావస్తోంది. కాప్రాలో ఉండే మా టీమ్ తిరుమల్‌కి ఫోన్ చేశాను.

"ఏందక్కా, గింత దానికి పరేషాన్ ఎందుకు? ఫార్మాట్ కొట్టుండ్రి," అన్నాడు.

"గంటలో కాల్ పెట్టుకుని ఫార్మాటా? బుద్ధి ఉండే మాట్లాడుతున్నావా?"

"సరే సరే. షెల్ షురూ అయ్యేటప్పుడు ముందుగాల ఒక ఫైల్ చదువుకుంటది కదా. అది చదవకుండ తెరిచి చూడుండ్రి. నిలబడిందంటే లొల్లి ఆ ఫైల్‌లనే ఉన్నట్టు."

నిలబడింది. ఆ ఫైలు తెరిచి అడుగుకి వెళ్లాను. ఐదు కొత్త లైన్లు ఉన్నాయి. వాటి పైన నాన్న రాసుకున్న గమనిక: వాక్యం లేకుండా పని వద్దు.

మా ఇంట్లో అది చట్టం. ముందుగదిలో బల్ల మీద వాగ్దానాల పెట్టె ఉంటుంది. ఇంట్లోంచి కదిలే ముందు అందులోంచి ఒక చిన్న కార్డు తీసి, వాక్యం చదువుకుని వెళ్లాలి. పోయిన జూలైలో అమ్మ పోయాక నేను మానేశాను. నాన్న ఒక్క మాట అనలేదు. అనకుండా ఇదుగో, ఇక్కడ రాసిపెట్టారు. వాక్యాల ఫైల్లోంచి ఒకటి తీసి చూపించు, ఫైలు దొరకకపోతే షెల్ మూసెయ్యి. ఆ ఫైలు ఎక్కడుందో పూర్తి చిరునామా మాత్రం ఇవ్వలేదు. బయట షెల్ ఆ ఫైలున్న ఫోల్డర్లోనే మొదలవుతుంది కాబట్టి దొరుకుతోంది. ఎడిటర్లో నా ఆఫీసు ఫోల్డర్లో మొదలవుతుంది. అక్కడ వాక్యాలెక్కడివి?

నాకు ఒళ్లు మండిపోయింది.

"నాన్నా, ఇలా రండి. ఏంటిది?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. "దొరక్కపోతే ఆపమని రాశానమ్మా."

"ఎందుకు ఆపాలి? ఈ పూట నా ఉద్యోగం పోయేది."

నాన్న పక్క కుర్చీలో కూలబడ్డారు. "ఆసుపత్రికి వెళ్లిన ఆ రోజు కార్డు తియ్యలేదమ్మా," అన్నారు. "మీ అమ్మ తీస్తానంది. ఆటో వచ్చేసింది, తర్వాత చూద్దాం పద అని నేనే లాక్కెళ్లాను. తీసి ఉంటే..."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. నేను దేవుడి మీద అలిగి పెట్టె ముట్టుకోవడం మానేస్తే, ఈయన నేరమంతా తన మీద వేసుకుని రోజూ ముట్టుకుంటున్నారు. పది నెలలు ఒకే ఇంట్లో ఉండి నాకది తెలియలేదు. సిగ్గేసింది.

"వెంటనే తెచ్చారు కాబట్టే నాలుగు రోజులైనా దక్కిందని డాక్టరు అన్నాడు కదా నాన్నా. ఆ నాలుగు రోజులూ అమ్మ మనతో మాట్లాడింది. మీరు ఆగి కార్డు తీసి ఉంటే అదీ ఉండేది కాదేమో."

ఆయన చూస్తుండగానే వాక్యాల ఫైలుకి పూర్తి చిరునామా ఇచ్చాను. మూసెయ్యమన్న లైను తీసేశాను.

"వాక్యం దొరికితే చూపిస్తుంది. దొరక్కపోయినా తెరుచుకుంటుంది," అన్నాను.

టెర్మినల్ నిలబడింది. పైన వచ్చిన వాక్యాన్ని ఈసారి చదివాను. కాల్‌లో ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదు. శ్రీలలిత గారు రెండు ప్రశ్నలడిగి, ఒకటో తారీకు నుంచి పర్మనెంట్ అన్నారు.

నాన్నకి చెబుదామని లేచాను. ఆయన కూరల సంచి పట్టుకుని ముందుగదిలో నిలబడి ఉన్నారు. రెండో చెయ్యి పెట్టె మూత మీద ఉంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. కాసేపటికి ఆయన కార్డు తియ్యకుండానే చెయ్యి వెనక్కి తీసుకుని, చెప్పులేసుకుని, మారేడ్‌పల్లి మార్కెట్‌కి వెళ్లారు.

కూరలు తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు తీశారు కార్డు. తీసి, నాకూ వినబడేలా చదివారు.