నామవాచకాలు వెళ్ళిపోయిన ఇంట్లో

నేను ఒక నల్లబల్లను. గోడకు బిగించే రకం కాదు. మందపాటి గుడ్డకు నల్లరంగు పూసి, పైనా కిందా కర్రలు తొడిగి చేశారు నన్ను. చాపలా చుట్టి చంకన పెట్టుకుపోవచ్చు. విజయవాడలో ఒక ఇరుకు షెడ్డులో పుట్టాను. రంగు ఆరిందో లేదో చూడటానికి నన్ను చేసినాయన వేలితో గీసిన గీతే నా మీద పడ్డ మొదటి రాత.

రేపల్లె దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే కృపావతి టీచరు చేతిలో పడ్డాను. మనుషులు మాటలను కూడా కులాలుగా విడదీసుకుంటారు: ఇది నౌన్, ఇది వెర్బ్, ఇది ఎడ్జెక్టివ్ అని. పిల్లలు ఆ వరసను కళ్ళు మూసుకుని అప్పజెప్పేవాళ్ళు. కృపావతికి అది నచ్చేది కాదు. నా మీద రెండు వాక్యాలు రాసేది. ‘ఐ డ్రింక్ వాటర్.’ ‘ఐ వాటర్ ద ప్లాంట్స్.’

“మొదటిదాంట్లో వాటర్ మనం తాగే వస్తువు, నౌన్. రెండోదాంట్లో మొక్కలకు నీళ్ళు పోసే పని, వెర్బ్. మాటను ఒంటరిగా నిలబెట్టి నువ్వెవరని అడక్కండర్రా. వాక్యంలో ఏం పని చేస్తందో చూడండి,” అనేది.

పరీక్షలో మార్కుల కోసం చెప్పే పాఠమనే అనుకున్నాను.

ఆమె రిటైరయ్యేనాటికి బడికి టీవీ తెర వచ్చింది. నన్ను ఇంటికి తెచ్చి బీరువా పక్కన నిలబెట్టింది. ఆమె భర్త దానియేలు ఆర్టీసీలో బస్సు నడిపి మానుకున్నవాడు.

ఒక పొద్దున కృపావతికి మెదడులో నరం దెబ్బతింది. కాళ్ళూ చేతులూ కోలుకున్నాయి. వస్తువుల పేర్లు మాత్రం, తెలుగువీ ఇంగ్లీషువీ కూడా, వెళ్ళిపోయాయి. గ్లాసు వైపు చూసి “తాగాలి” అనేది, ఏం తాగాలో చెప్పలేకపోయేది. తలుపు చూపించి “వెయ్యండి” అనేది. భర్త పేరూ పోయింది. ఆయన రోజూ ఎదురుగా కూర్చుని, “నా పేరు చెప్పు కృపా,” అని అడిగేవాడు. ఆమె పెదవులు కదిలేవి, కళ్ళు నిండేవి. ఆయన లేచి వెళ్ళిపోయేవాడు.

గుంటూరులో మాట నేర్పించే డాక్టరమ్మ నస్రీన్ దగ్గరికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. “ఆంటీ పాఠం చెప్పిన వస్తువేదైనా ఉంటే తీసుకురండి అంకుల్,” అందామె. దానియేలు నా దుమ్ము తుడిచి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు.

నస్రీన్ నా మీద ‘ఐ డ్రింక్’ అని రాసి, పక్కన ఖాళీ వదిలి, గ్లాసు చూపించింది. కృపావతి చాలాసేపు చూసి తల దించుకుంది.

“రెండోది కూడా రాయమ్మా, మొక్కలది,” అన్నాడు దానియేలు. “బడిలో చెప్పబోయే ముందు నాకే చెప్పి చూసుకునేది ఆ పాఠం.”

నస్రీన్ ‘ఐ’ అని రాసి, ఖాళీ వదిలి, ‘ద ప్లాంట్స్’ అని రాసింది.

“వాటర్,” అంది కృపావతి వెంటనే, మొద్దు పిల్లాడికి చెప్పినట్టు.

నస్రీన్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. మళ్ళీ మొదటి వాక్యం చూపించింది. కృపావతి గ్లాసు వైపు చూసి “తాగాలి” అంది. రెండోది చూపించింది. “వాటర్.”

“అదే మాట కదమ్మా. అక్కడ రాంది ఇక్కడెట్టా వస్తంది?” అడిగాడు దానియేలు.

“మాట పోలేదు అంకుల్. పేరుగా పిలిస్తే పలకట్లేదు. పనిగా పిలిస్తే పలుకుతోంది. లోపల రెంటికీ వేరే వేరే దారులున్నట్టున్నాయి.”

నేను నిశ్చేష్టనైపోయాను. ఆ రెండు వాక్యాలనూ ఏళ్ళ తరబడి మోశాను. వాటి మధ్య గీత వ్యాకరణం రాసినవాళ్ళు గీసిందనుకున్నాను. అది మనిషి తలలో ముందునుంచే ఉందట. అంత లోతైన దాన్ని తలలో పెట్టుకుని వీళ్ళు కూరగాయలు బేరమాడతారు, బస్సు కోసం పోట్లాడుకుంటారు.

ఆ తర్వాత పనుల మీదుగానే పేర్లను వెతికారు. కొన్ని వచ్చాయి: నీళ్ళు, దువ్వెన, కిటికీ. దానియేలు పేరు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన ఎండన పడి ఇంటికొచ్చాడు. కృపావతి గుమ్మం దగ్గరికొచ్చి ముఖంలోకి చూసింది. పేరు కోసం వెతుక్కోలేదు.

“తిన్నారా?” అంది.

ఇంగ్లీషులో అయితే ‘యూ’ అని వేరే రాయాలి. తెలుగులో ‘మీరు’ అనక్కర్లేదు. ఆ ఒక్క క్రియలోనే దానియేలు ఉన్నాడు, గౌరవంతో సహా. ఆయనకు వ్యాకరణం రాదు గానీ, అర్థమైంది. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

“ఇంకా లేదు. పెట్టు,” అన్నాడు.

మళ్ళీ ఎన్నడూ ఆమెను తన పేరు చెప్పమని అడగలేదు.