అక్క దిగే రేవు

మా అక్క ఆర్గిరోకి నేల మీద కాళ్ళు లేవు, నీళ్ళలో ఉన్నాయి. తుంటి విరిగిన దగ్గర్నుంచి గుమ్మం దాటాలన్నా నా భుజం కావాలి. అదే చిన్న రేవులో నడుములోతుకి దిగిందా, చేతులూపుకుంటూ తనంతట తనే నడుస్తుంది. గ్రీసులోని ఈ లేరోస్ దీవిలో మా ఊరి చుట్టుపక్కల మిగతా రేవులన్నీ రాళ్ళే. ఇసుక మెల్లగా వాలుగా దిగేది అదొక్కటే. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి చలి పడేదాకా, పొద్దున్నే గడ్డి టోపీలు పెట్టుకుని మేం ముసలమ్మలం ఆ నీళ్ళలో నిలబడి ఊళ్ళోవాళ్ళందరినీ ఉతికి ఆరేస్తాం.

రేవు పైన కొండ మీద అక్క కొడుకు లాంబ్రోస్ టూరిస్టులకి అద్దెకివ్వడానికి విల్లా కట్టాడు. అక్క తన నిమ్మతోట ఇస్తేనే కట్టాడు, అది వేరే సంగతి. కట్టుకోనీ. వచ్చినవాళ్ళని గాలిమరల కొండెక్కమననీ, పండేలి ఊళ్ళో ఆక్టోపస్ తినమననీ, నాకేం నొప్పి? కానీ ఈ ఏడు ఆ వెధవ, "ఎవరికీ తెలియని రేవొకటుంది, మీకు మాత్రమే చూపిస్తా" అని మొదలుపెట్టాడు. ఎవరికీ తెలియదట! మా అమ్మ మా ఇద్దరికీ ఈత నేర్పింది అక్కడే. అంటే మేం మనుషులం కామా?

జూన్ నెలకల్లా నీళ్ళ అంచుదాకా పడక కుర్చీలు పరిచేశాడు. వాటి సందుల్లోంచి అక్కని ఈడ్చుకెళ్ళాల్సి వచ్చేది. ఒకరోజు అక్క పక్కనుండగానే వాణ్ణి అడిగాను.

"సాయంత్రం రండి పిన్నీ, వాళ్ళు లేచి వెళ్ళాక."

"సాయంత్రం గాలి లేస్తుంది. అలలకి మీ అమ్మ నిలబడగలదట్రా?"

"అయితే కాస్త మెల్లగా మాట్లాడుకోండి. నిద్ర చెడుతోందంటున్నారు."

ఒళ్ళు మండిపోయింది. నా సముద్రంలో నేను గుసగుసలాడాలా! నోరు తెరవబోతే అక్క నా చెయ్యి నొక్కింది. "పోనీవే ఫోతినీ, వాడి బతుకుతెరువు." కొడుకు దగ్గర మా అక్కకి నోట్లో నాలుక ఉండదు.

మర్నాడు విల్లాలో దిగిన ఒకామె, అక్క గౌను తొడల పైకి పోయి నా మెడకి వేలాడుతుంటే, ఫోనెత్తి వీడియో తీసింది. నవ్వుతూ చెయ్యి కూడా ఊపింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఆ రోజుతో అక్క రేవుకి రావడం మానేసింది. "కోతిని చూసినట్టు చూస్తున్నారు, నేను రాను" అంది. కొద్దిరోజులకే కాళ్ళు బిగుసుకుపోయి మంచం దిగడం కూడా గగనమైపోయింది. ఇలాగే వదిలేస్తే ఇక లేవదు. ఒక పొద్దున దుప్పటి లాగి పారేశాను.

"లే. రేవు వాళ్ళ బాబు సొత్తు కాదు."

వెళ్ళేసరికి లాంబ్రోస్ తెల్లచొక్కాలో ఆ వీడియో మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె మమ్మల్ని చూపించి ఏదో అడిగింది. వాడు నవ్వి జవాబిచ్చాడు. అక్కకి ఇంగ్లీషు రాదు. నేను హోటళ్ళలో గిన్నెలు తోమినదాన్ని, నాకొచ్చు.

"ఏమన్నాడే?"

దాచలేదు. ఎందుకు దాచాలి? "మనం ఊరి ముసలమ్మలమట. మన పేర్లు తనకి తెలియవట. ఫొటో తీసినా ఏమీ అనుకోమట."

మా దీవిలో కొత్తముఖం కనిపిస్తే ముసలివాళ్ళు అడిగే మాట ఒకటే. అక్క నా భుజం పట్టుకుని నిటారుగా నిలబడి, కన్నకొడుకుని అదే అడిగింది.

"ఎవరబ్బాయివి నాయనా?"

"అమ్మా, ఏంటది, అందరి ముందూ..."

"ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు. ఎవరబ్బాయివి?"

వాడి మొహం కందిపోయింది. "నీ కొడుకునే" అని గొణిగాడు.

"నాకు చెప్పడం దేనికి? ఆమెకి చెప్పు. ఆమె భాషలో చెప్పు."

చెప్పాడు. ఆమె ఫోను సంచిలో పెట్టేసుకుని తల దించుకుంది. వాడు గబగబా వచ్చి అక్కని ఎత్తుకోబోయాడు. అక్క వాడి చెయ్యి తోసేసింది.

"నన్ను మా చెల్లెలు దింపుతుంది. నువ్వెళ్ళి ఆ కుర్చీలు తియ్యి."