పెళ్లినడక బంతి

వర్జిల్ స్ట్రౌడ్ చెయ్యి ఫాస్ట్ బంతికి తిరిగినట్టే తిరిగేది, బంతి మాత్రం పెళ్లినడక నడుచుకుంటూ వచ్చేది. అది చేరకముందే బ్యాటర్లు గాలిని బాది బొక్కబోర్లా పడేవాళ్లు. ఆ ఒక్క స్లో బంతితోనే కాన్సాస్ చిన్న బేస్‌బాల్ లీగుల్లో ఇన్నేళ్లు నెట్టుకొచ్చాడు. భుజం ఎప్పుడో చెడింది. ఆయన ఫాస్ట్ బంతిని మా అమ్మ కూడా కొడుతుంది.

నేను ఆయన క్యాచర్‌ని, బ్యాటర్ వెనక కూర్చుని ఏ బంతి వెయ్యాలో వేళ్లతో సైగ చేసి దాన్ని పట్టేవాణ్ని. స్లో బంతి కోసం గ్లవ్ లోపల బంతి మీద వేళ్లు సర్దుకునేటప్పుడు ఆ గ్లవ్ ఉబ్బడం ఆ వేసవిలో నా కంటపడింది.

"గురూ, నీ గ్లవ్వే నిన్ను పట్టిస్తోంది," అన్నాను మ్యాచ్‌కి ముందు.

పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్మి నవ్వాడు. "నువ్వు చెడ్డీలు తొడగనప్పటినుంచీ వేస్తున్నానురా. నాకే చెప్పొచ్చావా? పో, మాస్కు తగిలించుకో."

ఒళ్లు మండింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు, మాస్కు తగిలించుకున్నాను.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అవతలి బెంచీ నుంచి ఈల వినపడింది. గ్లవ్ ఉబ్బినప్పుడల్లా ఈల. బ్యాటర్ లోనీ బెక్ తొందరపడకుండా నిలబడ్డాడు. నేను ఆయన బంతి వేసే మట్టిదిబ్బ దగ్గరికి పరిగెత్తాను.

"వాళ్లకి తెలిసిపోయింది గురూ. ఫాస్ట్ వెయ్యి."

"నా ఫాస్ట్ చూస్తే మేనేజర్ ఇవాళే ఇంటికి పంపిస్తాడు. నాకున్నది ఇదొక్కటేరా."

ఈసారి గొంతులో పొగరు లేదు, భయముంది. వెనక్కొచ్చి వేళ్లతో ఫాస్ట్ అడిగాను. తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అడిగాను, మళ్లీ ఊపాడు. గ్లవ్ ఉబ్బింది. ఈల మోగింది.

లోనీ తీరిగ్గా కాచుకుని కొట్టాడు. బంతి వచ్చిన దారినే తిరిగెళ్లింది, మెల్లగా మాత్రం కాదు. వర్జిల్ చెయ్యి అడ్డం పెట్టుకోలేకపోయాడు. ఎడమకన్ను పోయింది.

ఆసుపత్రిలో కట్టుతో పడుకుని కంటి ఊసే ఎత్తలేదు.

"నిజం చెప్పరా. వాడు మోసపోయాడా, లేదా?"

కన్ను పోయినవాడి దగ్గర ఆ బంతిని కూడా లాక్కోవడానికి నాకు మనసొప్పలేదు.

"ఘోరంగా మోసపోయాడు గురూ. కళ్లు మూసుకుని ఊపాడు, ఎలాగో తగిలింది."

కళ్ల మాట ఎత్తినందుకు నాలుక కరుచుకున్నాను. ఆయన పట్టించుకోలేదు, మొహం వెలిగిపోయింది.

"చూశావా! గ్లవ్వూ గ్లవ్వూ అని నా ప్రాణం తీశావు." పళ్లెంలోని ఆపిల్ తీసుకుని దాని చుట్టూ వేళ్లు సర్దుకున్నాడు. "మార్చికల్లా వచ్చేస్తా. వెయ్యడానికి ఒక్క కన్ను చాలదూ? నాకు నువ్వే పట్టాలి."

ఎదురొచ్చే బంతి ఎంత దూరంలో ఉందో ఒంటికంటికి తెలియదు. బంతి మళ్లీ ఎదురొస్తుందని చెప్పాలంటే, ఈల విని లోనీ కాచుకునే కొట్టాడని ముందు ఒప్పుకోవాలి.

"అలాగే గురూ," అన్నాను.