నూట పదిహేడో కవరు

నడవడం కూడా ఒక పరీక్షేనా, అదీ వరండాకి ఈ చివరొక ఎర్ర కోను, ఆ చివరొక ఎర్ర కోను పెట్టి, గడియారం పట్టుకుని సిస్టర్ చూస్తుండగా ఆరు నిమిషాల పాటు వాటి చుట్టూ తిరగడం, ఎవరైనా చూస్తే నవ్విపోరూ, అనుకుంటూనే మూడో చుట్టు తిరిగాడు అతను, వేలికి తగిలించిన ఆక్సిజన్ క్లిప్పు ఎర్రగా మెరుస్తోంది, పోయినేడాది ఇదే వరండాలోంచి తనని చక్రాల మంచం మీద పరిగెత్తించారట, తనకి గుర్తులేదు, గుర్తున్నదల్లా లిఫ్టు గోతిలో వెల్లకిలా పడి చూస్తే మూడో అంతస్తు తలుపు సందులోంచి కిందికి దిగిన వెలుతురు గీత, ఎవరో మెకానిక్ పడిపోయాడు, మెకానిక్ పడిపోయాడు అని అరుస్తుంటే అయ్యో పాపం ఎవరో అని తనూ జాలిపడటం, ఆ తర్వాత ఇంకేమీ లేదు, కాలేయం చీలిందనీ, ప్లీహం ముక్కలైతే తీసేశారనీ, కడుపు కుట్టకుండా ఒకరోజంతా తెరిచే ఉంచి మర్నాడు మళ్ళీ ఆపరేషను చేశారనీ అన్నీ తర్వాత ఒక్కొక్కళ్ళూ చెప్పగా విన్నవే, కుడి పక్కటెముకల కింద లాగుతోంది, లాగితే కాసేపు ఆగండి, గడియారం మాత్రం ఆగదు అంది సిస్టర్, ఆగడు, ఇవాళ దేనికీ ఆగేది లేదు, ఈ నడక అయ్యాక ఆ బల్ల ముందు కూర్చుని చెప్పాల్సింది చెప్పేస్తాడు, నా పేరూ నా రక్తమూ నా లెక్కలూ అన్నీ మీ పరిశోధనలోంచి తీసెయ్యండి, నేనేమన్నా మీ బోనులో ఎలకనా, ఎలక అన్న మాట ఉంచాలా తీసెయ్యాలా అన్నదొక్కటే వారం రోజులుగా తేలలేదు, సిస్టర్ మంచిది, ఏడాదిలో నాలుగుసార్లు ఫోన్ చేసి నిద్ర పడుతోందా, మెట్లెక్కగలుగుతున్నారా, పాప ఎలా ఉంది అని అడిగిన మనిషి, ఆమె మొహం మీద ఎలక అంటే బాగుంటుందా.

అసలు బావ నోరు జారకపోతే ఇదంతా తెలిసేదే కాదు, అక్కకి తెలుసు మొగుడి నోట్లో నువ్వుగింజ నానదని, అయినా ఏడాదిపాటు ఎలా కాపాడుకొచ్చిందో ఏమో, మూడు వారాల కిందట వాళ్ళింట్లో అందరూ అన్నాలు తింటుండగా పాప అతని చొక్కా ఎత్తి పొట్టమీది కుట్టు చూపించి ఇది నాన్న రైలు పట్టా అంటే అందరూ నవ్వారు, ఆ నవ్వుల్లో బావ కూడా హుషారుగా, మీ నాన్నది మామూలు రైలు కాదమ్మా, చీటీ తీసి ఎక్కించిన రైలు అనేశాడు, అక్క చేతిలో గరిటె ఆగిపోయింది, చీటీ ఏంటి బావా అంటే ఏం లేదురా ఊరికే అన్నాను అంటూ బావ అన్నం కంచంలోకి తలదూర్చాడు, ఏంటక్కా అంటే ముందు తినరా అంది, తినకుండా చూస్తూ కూర్చుంటే చెప్పింది, ఒకేసారి అంతా సరిచేసి కడుపు కుట్టెయ్యడం ఒక పద్ధతట, ముందు రక్తం మాత్రం ఆపి, లోపల గుడ్డ ముక్కలు కుక్కి, కడుపు తెరిచే ఉంచి, మనిషి తేరుకున్నాక మర్నాడు మిగతాది చెయ్యడం ఇంకో పద్ధతట, నీలాంటి దెబ్బకి రెండిట్లో ఏది మంచిదో వాళ్ళకి తెలీదట, తెలుసుకోవడానికే ఆ పరిశోధనట, కవరు చింపితే ఏది ఉంటే అది చేస్తామన్నారు, నేను సంతకం పెట్టాను, అని ఒక్క గుక్కలో చెప్పి మళ్ళీ వడ్డించబోయింది, నా ప్రాణం మీద చీటీలు తీస్తుంటే నువ్వు సరేనన్నావా అని అడిగాడు, ఊ అంది, ఏడుపు లేదు, సర్దిచెప్పడం లేదు, సగం అన్నంలో చెయ్యి కడుక్కుని పాపని ఎత్తుకుని వచ్చేశాడు, అప్పట్నుంచీ అక్క ఫోన్ చేస్తే ఎత్తలేదు, భార్య చెప్పిచూసింది, మీ అక్క నీ చెడు కోరుతుందా అని, కోరదు, అదే కదా బాధ, అక్క తనకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది, అమ్మానాన్నలు మిల్లు షిఫ్టులకి పోతే తనకి తలదువ్వి బడికి లాక్కెళ్ళింది అక్కే, పలక పోగొట్టుకొస్తే తన్నింది కూడా అక్కే, పలక పోతేనే అంత రాద్ధాంతం చేసిన మనిషి ప్రాణాన్ని ఎలా ఒక కవర్లో పెట్టి ఇచ్చేసింది.

నాలుగొందల అరవై మీటర్లు, పోయిన సారికన్నా తొంభై ఎక్కువ అని సిస్టర్ సంబరంగా రాసుకుంది, ఇప్పుడు ప్రశ్నలు, గత నాలుగు వారాల్లో మీరు ఎంత తరచుగా ప్రశాంతంగా ఉన్నారు, ఎప్పుడూనా, చాలాసార్లా, కొన్నిసార్లా, అసలు లేదా, అని కళ్ళజోడు పైనుంచి చూస్తూ చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు, అసలు లేదు అన్నాడు, పెన్ను ఆగింది, పోయినసారి చాలాసార్లు అన్నారే అంది, ఇంక అప్పుడు చెప్పేశాడు, వారం రోజులు పేర్చుకున్న మాటలు ఒక్కటీ వరసగా రాలేదు, ఎలక ముందొచ్చి పేరు చివరికి పోయింది, సిస్టర్ కోప్పడలేదు, నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు, తీసెయ్యొచ్చండీ, అది మీ హక్కు, ఎందుకని నేను అడగకూడదు కూడా, ఇదిగో కాగితం, ఇక్కడ సంతకం పెడితే చాలు, కాకపోతే పెట్టేముందు ఒకసారి మీ ఫైలు మీరే చూసుకోండి అని బీరువాలోంచి తీసి ముందు పెట్టింది, అట్ట మీద పేరు లేదు, నూట పదిహేడు అని అంకె ఉంది, మొదటి పేజీ తిప్పితే తన సంతకం, వంకరటింకరగా ఉన్నా తనదే, దెబ్బ తగిలిన పదహారో రోజు తారీఖు, ఇది నేనెప్పుడు పెట్టాను అంటే, మీకు స్పృహ కుదుటపడ్డాక పావుగంట కూర్చుని అంతా చదివి వినిపించానండీ, చీటీ సంగతి కూడా, మీరు తలూపుతూ విని చివర్లో ఒక్క ప్రశ్న అడిగారు, మంచినీళ్ళు ఎప్పుడిస్తారని, అంది, అతనికి చెవులు వేడెక్కాయి, చెప్పారన్నమాట, చెప్పినా తన బుర్రకెక్కలేదన్నమాట, అది మాదే తప్పు, ఇంకోసారి చెప్పాల్సింది అని సిస్టర్ తనమీదే వేసుకుంది, పేజీ తిప్పాడు, బంధువు అనుమతి పత్రం, మాట్లాడటం మొదలైంది పదకొండూ నలభై రెండు, సంతకం పదకొండూ నలభై నాలుగు, రెండు నిమిషాలు, రెండు నిమిషాల్లో చెప్పులు కూడా ఎంచుకోదు అక్క, కింద గళ్ళలో బంధువు అడిగిన ప్రశ్నలు అని ఉండి, సిస్టర్ గుండ్రటి అక్షరాల్లో, ఏది మంచిదో చెప్పండి అంటే తెలిస్తే అదే చేసేవాళ్ళం అని డాక్టరు గారు చెప్పారు అని రాసుంది, కవర్లో వచ్చింది పనిచెయ్యట్లేదని మధ్యలో తెలిస్తే ఏం చేస్తారు అంటే, కవరు అవతల పారేసి మనిషిని చూసుకుంటాం అన్నారు అని రాసుంది, ఆ కిందున్న మూడోది ప్రశ్న కానే కాదు, మావాడు లేచాక కోప్పడితే నామీద కోప్పడమని చెప్పండి, మీమీద కాదు.

ఆ వాక్యం మూడుసార్లు చదివాడు, ఇది కూడా ఎందుకు రాశారు సిస్టర్ అంటే, మీ అక్కగారు ఏమంటే అది రాయాలండీ, మనకి అవసరమైందే రాసుకుంటే అది పరిశోధన ఎలా అవుతుంది అంది, ఇంతలో తలుపు తోసుకుని సర్జన్ వచ్చింది, పొట్టి మనిషి, చేతిలో సగం కొరికిన బిస్కెట్టు, పడుకోండి పొట్ట చూస్తాను అని బిస్కెట్టు అంతా నోట్లో కుక్కుకుని చేతులు కడుక్కుని వచ్చి కుట్టు పొడుగునా వేళ్ళతో నొక్కుతుంటే, ఈ చేతులు తన లోపలికి వెళ్ళొచ్చాయి కదా అని ఎప్పుడూ అనిపించేదే మళ్ళీ అనిపించింది, దగ్గండి అంది, దగ్గాడు, బాగుంది, ఎక్కడా ఉబ్బలేదు, టీకాలన్నీ వేయించుకున్నారు కదా, ప్లీహం లేని మనిషి జ్వరమొస్తే ఊరుకోకూడదు అంది, డాక్టరమ్మా, మీకు అప్పుడు నిజంగానే తెలీదా అని అడిగాడు, దేని గురించని ఆమె అడగలేదు, బల్లమీద తెరిచున్న ఫైలు చూసింది, స్టూలు లాక్కుని కూర్చుంది, ఇప్పటికీ తెలీదండీ, ఇంకా రెండొందల పైచిలుకు మంది అవ్వాలి, మా గురువుగారు నేర్పిన పద్ధతే సరైందని పన్నెండేళ్ళు కళ్ళుమూసుకుని అదే చేశాను, బతికినవాళ్ళు నావల్ల బతికారనుకున్నాను, పోయినవాళ్ళు దెబ్బవల్ల పోయారనుకున్నాను, ఒకరోజు లెక్క తీసి చూద్దాం అనుకుంటే లెక్కే లేదు, ఎవరికి ఏం చేశామో సరిగ్గా రాసినవాళ్ళు లేరు, అప్పటికి సిగ్గొచ్చింది అంది, చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ మామూలుగా చెప్పింది, అతనికి తమ మెయింటెనెన్సు పుస్తకం గుర్తొచ్చింది, లిఫ్టు పెట్టె కప్పు మీదికెక్కే ముందు దాని చుట్టూ ఉన్న కంచె బోల్టులు చేత్తో కదిలించి చూడాలి అని ఏడాది కిందటిదాకా అందులో లేదు, తను పడ్డాకే రాశారు, మిగతా నలభై నియమాలు కూడా ఎవరెవరో పడితే రాసినవే అయ్యుంటాయి, ఆ ఎవరెవరినీ ఇన్నాళ్ళలో ఒక్కసారైనా తలుచుకోలేదు, అప్రెంటిసుగా ఉన్నప్పుడు వాటిని గడగడా అప్పజెప్పి ముగించాడంతే, ఇక్కడ కూడా తనకి ముందు నూట పదహారు మంది, వాళ్ళలో ఎంతమంది ఈ వరండాలో కోనుల చుట్టూ నడిచారో, ఎంతమందికి ఆ భాగ్యం లేకపోయిందో సిస్టర్ని అడిగితే చెప్పకూడదండీ అంది, చెప్పకపోయినా ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకోవడం కనిపించింది, పోయినవాళ్ళ ఇళ్ళకి కూడా ఫోన్ చేసేది ఈమే కదా అని అప్పుడు తట్టింది, కడుపులో ఉన్న కోపం ఎక్కడికి పోయిందో వెతుక్కున్నా దొరకలేదు, పేరు తీసేసే కాగితాన్ని మెల్లగా ఆమె వైపు జరిపి, దీని పని లేదు సిస్టర్, ఏది మంచిదో తేలినరోజు మాత్రం నాకు కూడా చెప్పండి అన్నాడు, దానికీ ఒక గడి ఉందండీ, టిక్కు పెట్టండి చాలు అంది, సర్జన్ నవ్వింది, అతనూ నవ్వాడు, ప్రశాంతంగా ఉన్నారా అన్న ప్రశ్న మళ్ళీ అడగండి అంటే, గత నాలుగు వారాలది కదండీ, మొదటి జవాబే ఉంటుంది అని సిస్టర్ ఖరాఖండీగా చెప్పింది.

అక్క పనిచేసేది యూనిఫారాలు కుట్టే షెడ్డులో, ఆస్పత్రి నుంచి రెండు స్టాపులు, మధ్యాహ్నం భోజనం గంటకి సరిగ్గా గేటు దగ్గరుండాలని బస్సు దిగి నాలుగడుగులు గబగబా వేస్తే పక్క లాగింది, లాగనీ, ఏడాదంతా ఎంతమందికి దండాలు పెట్టాడు, సర్జన్‌కి, సిస్టర్‌కి, రక్తమిచ్చిన ఆఫీసు కుర్రాళ్ళకి, అంబులెన్సు డ్రైవరు ఎవరో వెతికి పట్టుకుని మరీ పళ్ళు ఇచ్చొచ్చాడు, వార్డు ఊడ్చే అమ్మకి కూడా థాంక్స్ చెప్పాడు, అక్కకి ఏం చెప్పాడు, ఏమీ చెప్పలేదు, అక్కకి థాంక్స్ చెప్తే ఏరా జ్వరమొచ్చిందా అంటుంది, గంట మోగింది, ఆడవాళ్ళు గుంపుగా బయటికొచ్చారు, భుజాల మీద నీలం దారపు ముక్కలతో అక్క, తనని చూసి ఒక్క క్షణం నిలబడిపోయింది, తర్వాత ఏమీ జరగనట్టే వచ్చి, ఏమన్నారు అంది, అంతా బాగుందట, నాలుగొందల అరవై మీటర్లు నడిచాను అన్నాడు, తిన్నావా అంది, లేదన్నాడు, గోడ నీడన సిమెంటు బల్లమీద కూర్చుని డబ్బా మూతలో సగం అన్నం పెట్టి చేతికిచ్చింది, చుట్టూ మాటలు, ఎక్కడో కుళాయి చప్పుడు, రెండు ముద్దలు తిన్నాక అడిగాడు, ఆరోజు సంతకం పెట్టాక ఏం చేశావక్కా, ఏం చేస్తాను, చేతులకి నీ రక్తం ఉంటే కడుక్కోమన్నారు, కడుక్కున్నాను, కూర్చున్నాను, గంటా పది నిమిషాల్లో తలుపు తీసి అయిపోయిందమ్మా అన్నారు, పక్కనున్నాయన కొడుక్కి అయిదు గంటలు పట్టింది, నీకు గంటేంటి, పోయావేమో అనుకున్నాను, కాదు, నీ కవర్లో వచ్చింది ఆ చిన్న ఆపరేషనే, రేపు మిగతాది అని సిస్టర్ నీళ్ళు తాగించి చెప్పింది, అంది అక్క, మరి నిజంగా పోతే అన్నాడు, అక్క డబ్బాలో అన్నం అటూ ఇటూ కలిపింది, పాపకి నేనే చెప్పాలి అనుకున్నాను, సంతకం నాదే కదా, మీ అమ్మ అప్పటికింకా రాలేదు, తనకి ఏం తెలీదు, అత్తే పెట్టింది అని దాంతో చెప్పాలని అక్కడ కూర్చునే మాటలు కూడబలుక్కున్నాను, ఇంకో పచ్చడి ముక్క వెయ్యనా, అంది.

వద్దనలేదు, మూత ముందుకి చాపాడు, ఆమె వేస్తుంటే మెషిను మీద ఏళ్ళ తరబడి బట్ట జరిపి జరిపి గట్టిపడిన ఆ వేళ్ళు చూశాడు, మూడు వారాలు ఫోన్ ఎత్తలేదే అని ఒక్క మాట అనలేదు అక్క, అనదు కూడా, అనకుండా ఉండటానికి ఆమె ఎప్పుడో సిద్ధపడి ఉంది, కోపాన్ని తనమీదకే పంపమని ముందే రాయించింది, ఇంకా బతుకుతాడో లేదో తెలియని తమ్ముడు రేపు లేచి తనని తిడతాడని ఆశపడింది, తిట్టడానికైనా లేస్తే చాలనుకుంది, ఇంకో కవరు వచ్చుంటే ఏమయ్యేదో, ఇంకో రెండొందల పైచిలుకు మంది అయ్యాక వచ్చే లెక్క కూడా తన ఒక్కడి సంగతి చెప్పదు, అది ఎవరికీ ఎన్నటికీ తెలీదు, తెలియకపోయినా ఫరవాలేదనిపించింది, కవర్లో ఏముందో చూడకముందే, ఏది వచ్చినా సరే దాని బరువు తను మోస్తానని ఒకరు తలుపు దగ్గర కూర్చున్నారు, తను బతికిన బతుక్కి మొదలు అక్కడుంది, ఇది తెలియడానికి ఏడాది పట్టింది, ఆదివారం అందరం వస్తాంలే అక్కా అన్నాడు, అక్క తల ఎత్తకుండానే, రండి, మీ బావ మూడు వారాలుగా నోరెత్తట్లేదు, ఇల్లు ఇల్లులా లేదు, అంది.