పన్నెండో కాలమ్

రక్షణ శాఖ ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌గా ఎంపికైనట్టు మహిమకు ఉత్తరం వచ్చింది. దాని వెనకే నింపి పంపమని ఒక ఫారం కూడా వచ్చింది. పన్నెండో కాలమ్ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ‘మీ మీద ఎప్పుడైనా పోలీసు కేసు నమోదైందా?’

ఏడేళ్ల కిందట చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ లారీ గుద్ది ఆమె తండ్రి మరియదాసు చనిపోయాడు. గుద్దిన లారీ ఆగలేదు. ఊరివాళ్లు రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. అప్పటికి మహిమకు పంతొమ్మిదేళ్లు. వెనకాల వచ్చి ఆగిన ఇంకో లారీ మీద రాయి విసిరింది. అద్దం పగిలి డ్రైవర్ పిచ్చయ్య నుదురు చీరుకుపోయింది. అతనికి ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేదు. మహిమ మీద కేసు పెట్టారు. ఏడాది తరవాత లోక్ అదాలత్‌లో పిచ్చయ్యే, “తండ్రి పోయిన పిల్లండీ, వదిలెయ్యండి” అని రాజీపడ్డాడు.

“కొట్టేసిన కేసే కదే. లేదని రాయి,” అంది తల్లి సంతోషకుమారి, మిరప కోతకు పోవడానికి తలగుడ్డ చుట్టుకుంటూ.

మహిమ ‘లేదు’ అని రాసి సంతకం పెట్టింది.

నెల తరవాత దర్శి నుంచి హెడ్ కానిస్టేబుల్ ఇమాం హుస్సేన్ విచారణకు వచ్చాడు. వరండాలో కూర్చుని కాగితాలు తిరగేశాడు.

“చీమకుర్తి స్టేషన్‌లో నీ పేరుంది. ఇక్కడ లేదని రాశావేంటమ్మా?”

“కొట్టేశారు కదా సార్.”

“ఆ మాటే రాస్తే సరిపోయేది. రాయి విసరడం కంటే దాచిపెట్టడమే పెద్ద తప్పంటారు వాళ్లు.”

మహిమ రెండు చేతులూ జోడించింది. “దండం పెడతా సార్, ఆ ఒక్కటీ రాయకండి. మా అమ్మకి ఇంక కూలికి పోయే ఓపిక లేదు సార్.”

“నేను రాయకపోతే నా ఉద్యోగం పోద్ది. నా రిపోర్టు వెళ్లేలోపు నువ్వే వాళ్లకి నిజం రాసెయ్. అంతకంటే దారి లేదు.”

ఆ మధ్యాహ్నమే లోక్ అదాలత్ కాగితం జతచేసి, జరిగిందంతా రాసి, ఒంగోలు బస్సెక్కి వెళ్లి స్పీడ్ పోస్టు చేసింది. కొన్నాళ్లకు ఫ్యాక్టరీ వాళ్లు విచారణకు రమ్మన్నారు.

ఎదురుగా కూర్చున్న అధికారిణి ఆమె ఉత్తరం రెండుసార్లు చదివింది. ఆవిడ గొంతులో కోపం లేదు.

“కానిస్టేబుల్ రాకపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేదానివా?”

అవునంటే నమ్మేటట్టే ఉంది ఆవిడ. మహిమ అవునందామని నోరు తెరిచింది.

“రాసేదాన్ని కాదండి,” అంది.

మూడు వారాలకు జవాబొచ్చింది. కేసు చిన్నదేనట, అది అడ్డం కాదట. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ఎంపిక రద్దు చేశారు.

ఉత్తరం పట్టుకుని మహిమ చేలోకి పరుగెత్తింది. విషయం వినగానే సంతోషకుమారి మిరప సాలులోనే కూలబడి తల బాదుకుంది.

“నేనే కదే రాయించింది! నా నోరు పడిపోను!”

“సంతకం పెట్టింది నేనమ్మా,” అంది మహిమ.

తల్లి వినిపించుకోలేదు. పని ఆగిందని గట్టు మీంచి మేస్త్రి కేకేశాడు. మహిమ ఉత్తరాన్ని నడుములో దోపుకుని, తల్లి వదిలేసిన చోట నుంచి కాయలు కొయ్యడం మొదలుపెట్టింది.