జెర్సీలకు అంటిన నెట్ పోగులు

సోమవారం పొద్దున జ్ఞానప్రసూన అమెరికాలో, చాండ్లర్‌లోని ఆ చిన్న కాలేజీ లాండ్రీ గది తెరిచి, టవళ్ళు మెషీన్‌లో పడేసి, నడవాలోని అద్దాల బీరువా దగ్గరికి వెళ్తుంది. పై అరలో డెబ్బై ఎనిమిదిలో బాస్కెట్‌బాల్ ఛాంపియన్లయిన అమ్మాయిల జెర్సీలు పన్నెండు. కింది అరలో రెండువేల తొమ్మిది వాళ్ళవి పన్నెండు. ఆదివారం మధ్యాహ్నం ఆ రెండు టీమ్‌లూ జిమ్‌లో ఆడుకుంటాయి కాబట్టి, సోమవారానికి బీరువా చెమట కంపు. డెబ్బై ఎనిమిది వాళ్ళు ఇప్పుడు అమ్మమ్మలు. వాళ్ళు ఇళ్ళల్లో కునుకు తీసే వేళకే, ఇక్కడ అప్పటి వయసులో వాళ్ళ ఆట. ఆదివారం జిమ్ ఎవరికీ ఇవ్వరు, అంతే.

గెలిచినవాళ్ళు బుట్టకున్న నెట్ కత్తిరించుకుపోవడం ఈ ఆటలో ఆచారం. వారం వారం కొత్త నెట్ కట్టలేక ఆట సామాన్ల స్టోర్ చూసే రామమోహన్ గారికి నడుం పడిపోతోంది. మూసిన జిమ్‌లో ఆట చూసేవాళ్ళు లేరు కాబట్టి, గెలిచింది ఎవరన్నది మాత్రం ఎవరికీ తెలీదు. ఆ తగువు మూడేళ్ళుగా లాండ్రీ గుమ్మంలోనే. ఈ సోమవారమూ మొదలైంది.

"ఆ రోజుల్లో దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీతే లేదయ్యా. ఉంటేనా, మా డెబ్బై ఎనిమిది వాళ్ళు ఉతికి ఆరేసేవాళ్ళు!" అన్నారు రామమోహన్ గారు.

"అంకుల్, ఆ టీమ్‌లో సిక్స్ ఫీట్ అమ్మాయి ఒక్కరు లేదు," అన్నాడు కోచ్ రాజ్. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. "నా ఫేవరెట్ టూ థౌజండ్ నైన్. ఫైవ్ స్టార్స్ చాలు. మిగతావాళ్ళు కూర్చోవాలి."

ఇప్పటి టీమ్‌నీ అతను అలాగే ఆడిస్తాడు. కూర్చునేవాళ్ళలో జ్ఞానప్రసూన కూతురు నిధి ఉంది. రెండేళ్ళుగా బెంచీయే.

"శనివారం లాస్ట్ గేమ్ అమ్మా," అంది నిధి నిన్న అన్నం కెలుకుతూ. "అందులో కూడా దింపకపోతే మానేస్తా. నాకు సిగ్గుగా ఉంది."

ఇప్పుడు కోచ్ ఎదురుగానే ఉన్నాడు. కూతురి కోసం సిఫార్సు చేయడానికి జ్ఞానప్రసూనకు నోరు రాలేదు. పైగా అది తప్పు కూడా. కానీ తనకు తెలిసింది చెప్పడం తప్పు కాదు కదా!

"అన్నయ్యగారూ," అంది మెల్లగా. మగవాళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆమె గొంతు విని ఎన్నాళ్ళయిందో.

"గెలిచేది డెబ్బై ఎనిమిది వాళ్ళే. నాలుగాట్లకు మూడు."

"నీకెలా తెలుసమ్మా?"

"నెట్ పోగులు వాళ్ళ జెర్సీలకే అంటుకుని ఉంటాయి. ఉతికే ముందు దులుపుతాను కదా."

"ఆంటీ! త్రీ ఇయర్స్ ఫైట్ చేస్తున్నాం. ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు బాబూ."

రామమోహన్ గారు ఎగిరి గంతేయబోయి నడుం పట్టుకున్నారు. జ్ఞానప్రసూన కింది అర జెర్సీలు బల్ల మీద పరిచింది. అయిదు పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి. ఏడు పొడిపొడిగా ఉన్నాయి. పక్కన పై అరవి పరిచింది. పన్నెండూ ఒకేలా తడి.

"వీళ్ళు ఎత్తుగా ఎగురుతారేమో, నాకు తెలీదు. ఆడేది అయిదుగురే, చివరికొచ్చేసరికి అలిసిపోతారు కదా. వాళ్ళు పన్నెండుమందీ ఆట పంచుకుంటారు."

రాజ్ ఒక్కో జెర్సీ ముట్టుకుని చూశాడు. అతని టీమ్ ఈ ఏడాది ఓడిన ఆటలన్నీ చివరి పది నిమిషాల్లో పోయినవే. చివరి జెర్సీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

శనివారం పన్నెండుమందినీ దింపాడు. నిధికి తొమ్మిది నిమిషాలు దొరికాయి. ఒక్క బంతీ బుట్టలో వేయలేదు, ఒకసారి కాలు జారి పడింది కూడా. కానీ చివరి నిమిషంలో ఆమె అందించిన బంతితోనే రెండు పాయింట్లు వచ్చాయి. ఒకే పాయింటుతో గెలిచారు.

ఇంటికొచ్చి చారన్నం రెండుసార్లు వడ్డించుకుంది నిధి. తల్లి ఇంకో గరిటె చారు పోసింది. మానేస్తానన్న మాట ఎత్తితే ఏమంటుందోనని ఆమెకు భయం.

"అమ్మా," అంది నిధి వేళ్ళు నాకుతూ. "మండే సిక్స్‌కి లేపు. నెక్స్ట్ ఇయర్ టీమ్‌కి ప్రాక్టీస్ స్టార్ట్."